విడిభాగాల్లో దాగిన ఫ్లోరిన్: ఒక సింహావలోకనం

యూరప్‌కో అమెరికాకో ఎలక్ట్రానిక్ సరుకు పంపే కంపెనీలను కొనుగోలుదారులు అడిగే కాగితాల్లో ఈమధ్య కొత్తగా ఒకటి చేరింది. మీ సరుకులో పీఫాస్ అనే ఫ్లోరిన్ పదార్థాలు ఉన్నాయా, ఉంటే ఏ విడిభాగంలో, ఎంత? ప్రశ్న ఒక్క వాక్యమే. జవాబు చెప్పాలంటే చిన్న వైఫై రూటర్‌కైనా వందల విడిభాగాల పుట్టుపూర్వోత్తరాలు తవ్వాలి. సీసం గురించి రెండు దశాబ్దాల కిందట ఇలాంటి ప్రశ్నే వస్తే పరిశ్రమ కొన్నాళ్లు తడబడి నిలదొక్కుకుంది. ఫ్లోరిన్ దగ్గరికొచ్చేసరికి మళ్లీ మొదటికొచ్చింది. ఎందుకిలా జరిగిందో తెలియాలంటే 1938 నుంచి చూసుకుంటూ రావాలి.

ఆ ఏడాది ఏప్రిల్ 6న న్యూజెర్సీలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ అనే యువ రసాయన శాస్త్రవేత్త టెట్రాఫ్లోరోఎథిలీన్ వాయువు నింపిన సిలిండర్ మూత తిప్పాడు. వాయువు రాలేదు. తూకం చూస్తే సిలిండర్ ఖాళీ కాలేదు. కోసి చూస్తే లోపల మైనంలా జారే తెల్లటి పొడి. టెఫ్లాన్‌గా లోకానికి తెలిసిన పీటీఎఫ్ఈ అదే. ఆమ్లాలకు లొంగదు, వేడికి చెడదు, కరెంటును పారనివ్వదు. అణుబాంబు తయారీలో యురేనియం హెక్సాఫ్లోరైడ్ అనే మహా తినివేత వాయువును తట్టుకునే గాస్కెట్ల కోసం అమెరికా సైన్యం దాన్ని మొదట అందిపుచ్చుకుంది. యుద్ధం ముగిశాక వైర్ల తొడుగుల్లోకి, వంటింటి పెనాల మీదికి వచ్చింది.

ఇంకోపక్క 3ఎం కంపెనీ, జోసెఫ్ సైమన్స్ కనిపెట్టిన పద్ధతిని కొనుక్కుని, హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో కరెంటు పంపి హైడ్రోజన్ ఉన్నచోటల్లా ఫ్లోరిన్‌ను కూర్చడం మొదలుపెట్టింది. పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్ అనే పదార్థాలు అక్కడినుంచి వచ్చినవే. వెస్ట్ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ దగ్గర డ్యూపాంట్ టెఫ్లాన్ తయారీకి 1951 నుంచి పీఎఫ్‌ఓఏను 3ఎం దగ్గరే కొన్నది. కార్బన్, ఫ్లోరిన్ల బంధం కర్బన రసాయనశాస్త్రంలో అతి బలమైన వాటిలో ఒకటి. సరుకుగా దాని విలువ అదే. ప్రకృతిలో విరగకుండా మిగిలిపోవడానికి కారణమూ అదే. ఒకే గుణం మొదట లాభంగా, తర్వాత నష్టంగా లెక్కకు వచ్చింది.

ఎలక్ట్రానిక్స్‌లోకి ఈ పదార్థాలు పది దారుల్లో వచ్చాయి. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్ బోర్డులన్నీ ఫ్లోరినెర్ట్ అనే ఫ్లోరిన్ ద్రవంలో మునిగి చల్లబడుతూ పనిచేసేవి. హార్డ్ డిస్కు పళ్లెం మీద పూసే అతి పల్చని నూనె, లిథియం బ్యాటరీలో కేథోడ్ పొడిని పట్టి ఉంచే పీవీడీఎఫ్ జిగురు, హై ఫ్రీక్వెన్సీ సర్క్యూట్ బోర్డు, ఓ-రింగు, ఫోన్ తెర మీద వేలిముద్రలు అంటకుండా వేసే పూత, చిప్పుల తయారీలో వాడే ఫోటోరెసిస్టు, అన్నిటిలోనూ ఫ్లోరిన్ ఉంది. వీటిలో చాలావాటి పేరు ఏ కొనుగోలు ఆర్డరులోనూ ఉండదు. ‘పూత పూసిన గాజు’ అని మాత్రం ఉంటుంది.

ఒక చార్జర్ డబ్బా దగ్గర కాసేపు ఆగుదాం. దాని తెల్లటి ప్లాస్టిక్ చాలాసార్లు పాలీకార్బొనేటో, ఏబీఎస్ కలిపిన పాలీకార్బొనేటో అయి ఉంటుంది. యూఎల్ 94 అనే అగ్ని పరీక్షలో ఆ ప్లాస్టిక్ ముక్కకు నిప్పు పెడతారు. కరిగి కారిన నిప్పుబొట్టు కింద పెట్టిన దూదిని అంటించకూడదు. అందుకని ప్లాస్టిక్ ముద్దలో కొద్దిగా పీటీఎఫ్ఈ పొడి కలుపుతారు. సన్నని దారాలుగా సాగి, కరుగుతున్న ముద్ద కారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఆ పొడి 0.3 శాతం ఉందనుకోండి. పీటీఎఫ్ఈ బరువులో ఫ్లోరిన్ వాటా 76 శాతం కాబట్టి, డబ్బాలో పది లక్షల భాగాలకు దాదాపు 2,300 భాగాలు ఫ్లోరిన్. ప్లాస్టిక్ పారదర్శకంగా ఉండాలంటే పీటీఎఫ్ఈ పనికిరాదు, మసక వస్తుంది. అప్పుడు పొటాషియం పెర్‌ఫ్లోరోబ్యూటేన్ సల్ఫోనేట్ అనే లవణాన్ని మరీ కొద్దిగా, 0.1 శాతం లోపే వేస్తారు. ఆ లవణం కుటుంబాన్ని యూరప్ 2020 జనవరిలోనే అత్యంత ఆందోళనకర పదార్థాల జాబితాలో పెట్టింది. అయితే ఆ జాబితా ప్రకారం వస్తువు బరువులో 0.1 శాతం దాటితేనే చెప్పాలి. 0.08 శాతం కలిపినవాడు చట్టప్రకారం నోరు విప్పనక్కర్లేదు.

మనుషుల ఒంట్లో ఈ పదార్థాలున్నాయన్న సంగతి బయటపడ్డ తీరు కూడా గుర్తింపు కథే. 1968లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డోనల్డ్ టేవ్స్ మనిషి రక్తంలో ఫ్లోరైడ్ రెండు రూపాల్లో ఉందని గమనించాడు. ఒకటి నీళ్ల నుంచి వచ్చే మామూలు ఫ్లోరైడ్. రెండోది మామూలు పరీక్షకు అందలేదు, రక్తాన్ని బూడిద చేస్తేనే కనబడింది. 1976 నాటికి ఆయన, వారెన్ గై, వాలెస్ బ్రే కలిసి ఆ రెండోది పీఎఫ్‌ఓఏ లాంటిదని రాశారు. ఆ మాట పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1997లో 3ఎంలోనే పనిచేసే క్రిస్ హాన్సెన్ కొత్తరకం మాస్ స్పెక్ట్రోమీటర్లతో రక్తనిధి నమూనాలను పరీక్షిస్తే పీఎఫ్‌ఓఎస్ ఎక్కడ చూసినా తేలింది. 2000 మే నెలలో ఆ కంపెనీ దాని తయారీ ఆపేస్తామని ప్రకటించింది. పార్కర్స్‌బర్గ్‌లో విల్బర్ టెన్నంట్ అనే రైతు ఆవులు చచ్చిపోతుంటే రాబ్ బిలోట్ అనే న్యాయవాది వేసిన కేసుతో మొదలైన పోరాటం, దాదాపు 69 వేల మంది నుంచి వివరాలు, రక్తనమూనాలు సేకరించే దాకా వెళ్లింది. 2012 నాటికి శాస్త్రవేత్తల బృందం పీఎఫ్‌ఓఏకు మూత్రపిండాల క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, థైరాయిడ్ జబ్బు సహా ఆరు రోగాలతో సంబంధం ఉండవచ్చని తేల్చింది. 2023 చివర్లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పీఎఫ్‌ఓఏను మానవుల్లో క్యాన్సర్ కారకంగా ప్రకటించింది.

ఇదంతా నడుస్తున్న కాలంలోనే ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ వేరే పాఠం నేర్చుకుంటోంది. 2001 చివర్లో నెదర్లాండ్స్ అధికారులు సోనీ పీఎస్ వన్ ఆట యంత్రాలను, దాదాపు 13 లక్షలు, ఆపేశారు. కారణం తీగల్లో కాడ్మియం. తీగ సోనీ తయారుచేసింది కాదు, సరఫరాదారుకు సరఫరా చేసినవాడిది. గొలుసు చివరి కొసన ఉన్నవాడు ఏం కలుపుతున్నాడో పై కంపెనీకి తెలియదని ఆ ఒక్క సంఘటనతో అందరికీ అర్థమైంది. 2006 జులై 1న యూరప్‌లో రోస్ చట్టం అమల్లోకొచ్చింది. సీసం, పాదరసం, కాడ్మియం, ఆరు వేలెన్సీ క్రోమియం, రెండు రకాల బ్రోమిన్ అగ్నినిరోధకాలు, మొత్తం ఆరు.

ఆ ఆరింటినీ వెతకడానికి చేతిలో పట్టుకునే ఎక్స్-రే తుపాకీ సరిపోయింది. టంకం మీద పెట్టి మీట నొక్కితే నిమిషంలో సీసం శాతం తెర మీద పడుతుంది. క్రోమియం ఏ రూపంలో ఉందో, బ్రోమిన్ ఏ అగ్నినిరోధకంలోదో చెప్పదు గానీ, అసలు లేదని తేల్చడానికి అది చాలు. ఫ్యాక్టరీ గేటు దగ్గర సరుకు దింపుతూనే చూసుకోవచ్చు. దాంతోపాటు పద్దులూ పుట్టాయి. సరఫరాదారులు నింపే ఐపీసీ-1752 పత్రం, ప్రకటించాల్సిన పదార్థాలకు ఐఈసీ 62474 జాబితా, 2021లో యూరప్ తప్పనిసరి చేసిన స్కిప్ సమాచార నిధి. వ్యవస్థ గట్టిపడిందని అందరూ నమ్మారు. నిజానికి అది మూలకాల కోసం, చిన్న జాబితాల కోసం కట్టిన వ్యవస్థ. ఫ్లోరిన్ విడిచే ఎక్స్-రే శక్తి 0.68 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. కొద్ది మిల్లీమీటర్ల గాలిలోనే అది ఇంకిపోతుంది. ఆ తుపాకీకి ఫ్లోరిన్ కనబడదు.

జాబితాలేమో ఒక్కో పేరే చేర్చుకుంటూ నడిచాయి. తేలిగ్గా విరగని విష రసాయనాలపై అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందంలోకి పీఎఫ్‌ఓఎస్ 2009లో, పీఎఫ్‌ఓఏ 2019లో, పీఎఫ్‌హెచ్ఎక్స్ఎస్ 2022లో వచ్చాయి. ఒకదాన్ని నిషేధిస్తే పరిశ్రమ గొలుసులో కొన్ని కార్బన్లు తగ్గించి మరొకటి తెచ్చింది. ఎనిమిది కార్బన్ల పీఎఫ్‌ఓఎస్ పోయి నాలుగు కార్బన్ల పీఎఫ్‌బీఎస్ వచ్చింది, పీఎఫ్‌ఓఏ బదులు జెన్ఎక్స్ వచ్చింది. దశాబ్దాలపాటు ఇలా నడవనివ్వడం నియంత్రణ సంస్థలు చేసిన పెద్ద పొరపాటని నా అభిప్రాయం. పేరు మారినంత మాత్రాన బంధం మారదు.

2021లో సంపన్న దేశాల ఆర్థిక కూటమి ఓఈసీడీ ఆ దారి విడిచి కొత్త నిర్వచనం ఇచ్చింది. హైడ్రోజన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ లేకుండా పూర్తిగా ఫ్లోరిన్ నిండిన మిథైల్ లేదా మిథిలీన్ కార్బన్ ఒక్కటున్నా, కొద్ది మినహాయింపులతో, పీఫాస్ కిందే లెక్క. 2023 జనవరిలో జర్మనీ, నెదర్లాండ్స్, డెన్మార్క్, స్వీడన్, నార్వే కలిసి పది వేలకు పైగా పదార్థాలను ఒకేసారి కట్టడి చేసే ప్రతిపాదన పెట్టాయి. హద్దులు కూడా చెప్పాయి. పాలిమర్ కాని ఏ ఒక్క పీఫాస్ అయినా వంద కోట్ల భాగాల్లో 25, అన్నీ కలిపితే 250, పాలిమర్లతో సహా పది లక్షల్లో 50. పైన చెప్పిన 0.08 శాతం లవణం మొదటి హద్దుకు 32 వేల రెట్లు.

అమెరికాలో మెయిన్ రాష్ట్రం 2021లోనే చట్టం చేసి దారి చూపింది. మిన్నెసోటా 2023లో చేసిన చట్టానికి అమరా స్ట్రాండే పేరు పెట్టారు. 3ఎం వ్యర్థాలతో కలుషితమైన నీళ్లున్న ప్రాంతంలో పెరిగిన అమ్మాయి, అరుదైన కాలేయ క్యాన్సర్‌తో పోరాడుతూ శాసనసభలో సాక్ష్యం చెప్పింది. చట్టం చూడకుండానే ఇరవయ్యో ఏట కన్నుమూసింది. తప్పనిసరి వాడకాలు తప్ప మిగతా అన్నిటికీ ఆ చట్టం 2032 గడువు పెట్టింది. సమాఖ్య స్థాయిలో పర్యావరణ సంస్థ 2011 నుంచి పీఫాస్ ఉన్న వస్తువులు దిగుమతి చేసుకున్నవాళ్లంతా లెక్క చెప్పాలని 2023 అక్టోబరులో నియమం చేసింది. గడువులు వాయిదా పడుతూ వచ్చి, 2025 నవంబరులో ఆ సంస్థే దిగుమతి వస్తువులను మినహాయిద్దామని ప్రతిపాదించింది. వెనుకంజ వేసిన తీరు బాధ కలిగిస్తుంది. 3ఎం మాత్రం 2025 చివరికల్లా పీఫాస్ తయారీ నుంచే తప్పుకుంటామని 2022 డిసెంబరులోనే చెప్పేసింది.

ఇప్పుడు గుర్తింపు విషయానికి వస్తే, ఏ ఒక్క పరికరమూ పూర్తి జవాబు ఇవ్వదు. విడిభాగాన్ని పొడిచేసి వెయ్యి డిగ్రీల కొలిమిలో ఆక్సిజన్, నీటి ఆవిరి మధ్య కాలిస్తే ఫ్లోరిన్ అంతా హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా నీళ్లలోకి దిగుతుంది. అయాన్ క్రొమటోగ్రాఫ్ దాన్ని కొలుస్తుంది. సాంబారులో ఉప్పెంతో నాలుక చెబుతుంది గానీ ఏ కొట్లో కొన్నదో చెప్పదు, ఈ పద్ధతీ అంతే. సర్క్యూట్ బోర్డులోని గాజు నారలో, బ్యాటరీ ద్రావణంలోని లిథియం లవణంలో పీఫాస్ కాని ఫ్లోరిన్ కూడా ఉంటుంది, అదీ ఆ అంకెలోనే కలుస్తుంది. పేరు పేరునా తెలియాలంటే మెథనాల్‌లో నానబెట్టి ద్రవ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ చేయాలి. ప్రామాణిక నమూనా దొరికే కొన్ని పదుల పదార్థాలే అందులో తేలతాయి. పైగా పీటీఎఫ్ఈ కరగదు కాబట్టి దానికి కనబడదు. వైరు తొడుగు, ఓ-రింగు లాంటి పెద్ద ముక్కలైతే ఇన్‌ఫ్రారెడ్‌తో తెలిసిపోతాయి. ప్లాస్టిక్‌లో కలిసిన 0.3 శాతం మాత్రం దానికి చిక్కదు.

అందుకే భారమంతా మళ్లీ కాగితం మీదే పడింది. కాగితంలోనూ కన్నాలున్నాయి. పీటీఎఫ్ఈ, పీవీడీఎఫ్ లాంటి ఫ్లోరోపాలిమర్లు ప్రమాదకరమని వర్గీకరించలేదు గనుక భద్రతా పత్రంలో రావు. పాలిమర్లకు రీచ్ అనే యూరప్ రసాయనాల చట్టంలో రిజిస్ట్రేషన్ మినహాయింపు. మిగిలినదాన్ని వ్యాపార రహస్యం అనే గడి మింగుతుంది.

మనకు ఫ్లోరిన్ కొత్త కాదు. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో, ఫ్లోరోసిస్‌ను వైద్యులు గుర్తించి రాశారు. నల్గొండ బాధ దేశమంతా తెలుసు. అది రాళ్లలోంచి నీళ్లలోకి దిగిన ఫ్లోరైడ్, పటిక, సున్నంతో తగ్గించే నల్గొండ పద్ధతి దానికి పనిచేస్తుంది. పీఫాస్‌కు పనిచేయదు. రెండిటినీ ఒకటనుకోకూడదు. ఇటలీలో విచెంజా ప్రాంతపు నీళ్లను పాడుచేసి 2018లో దివాలా తీసిన మిటెని ఫ్యాక్టరీ యంత్రాలు మహారాష్ట్రలోని లోటే పరశురామ్‌కు చేరాయన్నది కూడా మరవకూడదు. అక్కడ వద్దన్నది ఇక్కడికి వస్తుంటే, మన నియమాలు ఎక్కడున్నాయి? 2012 మే నుంచి అమల్లోకొచ్చిన ఇ-వ్యర్థాల నియమాలు యూరప్ రోస్‌లోని ఆరు పదార్థాలనే తీసుకున్నాయి. 2023 ఏప్రిల్ నుంచి నడుస్తున్న కొత్త నియమాల్లోనూ అవే ఆరు. పీఫాస్ మాటే లేదు. శ్రీసిటీలో, కొంగర కలాన్‌లో ఎలక్ట్రానిక్స్ తయారవుతున్న కాలంలో ఇది తగదు. కేంద్ర పర్యావరణ శాఖ నిషేధం సంగతి తర్వాత చూసినా, ముందు ప్రతి విడిభాగంలో ఉద్దేశపూర్వకంగా కలిపిన పీఫాస్ పేరు, పరిమాణం చెప్పాలన్న నిబంధన తేవాలి. వ్యాపార రహస్యం పేరుతో కనీసం మొత్తం ఫ్లోరిన్ అంకెనైనా దాచనివ్వకూడదు.

హైదరాబాద్ ఇంజినీరింగ్ సేవల ఆఫీసుల్లో కూర్చుని విదేశీ కంపెనీల కోసం ఈ పత్రాలు నింపుతున్న తెలుగు పిల్లలకు ఒక మాట. సరఫరాదారు నుంచి ‘పీఫాస్ లేదు’ అని ఒక్క వాక్యం వస్తే దాన్ని అలాగే పైకి పంపకండి. ఏ నిర్వచనం ప్రకారం లేదు, ఎంత హద్దు వరకు వెతికారు, ఏ పరీక్షతో వెతికారు అని అడగండి. జవాబు రాకపోతే ఆ గడిలో ‘తెలియదు’ అని రాయండి.