సాఫ్ట్‌వేర్ ఆగితే ముందు మీకే తెలియాలి: ఎర్రర్ అలర్ట్‌లు పెట్టుకోవడం ఎలా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఇప్పుడు చిన్న ఆఫీసులు కూడా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. ట్రావెల్స్ వాళ్లకు బుకింగ్ సైటు, బట్టల షాపుకు బిల్లింగ్, మెడికల్ షాపుకు స్టాకు లెక్క. మన ఇళ్లలో కంప్యూటర్ చదువు చదివిన పిల్లలు కొందరు ఇలాంటివి తయారు చేసి ఇస్తున్నారు. తయారు చేసేదాకా బాగానే ఉంటుంది. అది ఆగిపోతే ముందుగా ఎవరికి తెలుస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఒక ఉదాహరణ అనుకుందాం. కోరుట్లలోని ఒక ట్రావెల్స్ సైటు రాత్రి 12 గంటలకు చెడిపోయింది. ఇక్కడ అందరూ నిద్రలో ఉన్నారు. సౌదీలో అప్పుడు 9:30, దుబాయిలో 10:30. డ్యూటీ దిగి, భోజనం చేసి, ఇంటికి రావడానికి టికెట్ చూసుకునే టైము అదే. డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు. పొద్దున ఆఫీసు తెరిచాక ఆయన కోపంగా ఫోన్ చేస్తే గానీ యజమానికి సంగతి తెలియలేదు. జీతం పైసలు ఇరుక్కున్న మనిషి మళ్లీ ఆ ఆఫీసు గడప తొక్కుతాడా?

సిరిసిల్ల సాంచాల మీద పనిచేసే వాళ్లకు ఈ మాట సులువుగా అర్థమవుతుంది. పేక దారం తెగితే మరమగ్గం దానంతట అదే ఆగుతుంది. వెఫ్ట్ ఫోర్క్ అనే చిన్న భాగం ఆ పని చేస్తుంది. సాఫ్ట్‌వేర్ అలా కాదు. లోపల దారం తెగినా బయటికి నడుస్తున్నట్టే కనబడుతుంది. అందుకే అలర్ట్ మనమే పెట్టుకోవాలి.

పెద్ద కంపెనీలకూ తప్పలేదు

2024 జూలై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన అప్‌డేట్‌లో తప్పు దొర్లింది. దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లపై ప్రభావం పడిందని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. శంషాబాద్ నుంచి వెళ్లే ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ అప్‌డేట్‌ను కంపెనీ 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకుంది. అయినా అప్పటికే నష్టం జరిగిపోయింది. మరి రాత్రి ఆగిన సైటు గురించి మనకు పొద్దున దాకా తెలియకపోతే?

మూడు రకాల కాపలా

1. సైటు తెరుచుకుంటోందా? అప్‌టైమ్‌రోబో లాంటి సేవలు బయటి నుంచి సైటును తట్టి చూస్తాయి. దాని ఫ్రీ ప్లాన్‌లో 5 నిమిషాలకోసారి చూస్తుంది. జవాబు రాకపోతే ఈమెయిల్ పంపుతుంది.

2. లోపల తప్పు జరుగుతోందా? సైటు తెరుచుకుంటుంది కానీ పేమెంట్ బటన్ పనిచేయదు. ఇలాంటివి పట్టుకోవడానికి సెంట్రీ ఉంది. మొబైల్ యాప్ అయితే గూగుల్ వారి ఫైర్‌బేస్ క్రాష్‌లిటిక్స్ ఉచితంగా దొరుకుతుంది.

3. జరగాల్సిన పని జరిగిందా? రోజూ రాత్రి జరగాల్సిన బ్యాకప్ జరగకపోతే ఏ ఎర్రరూ రాకపోవచ్చు. హెల్త్‌చెక్స్ అనే సేవకు మన ప్రోగ్రాం పని పూర్తయిన ప్రతిసారీ కబురు పంపేలా పెట్టుకోవాలి. టైముకు ఆ కబురు రాకపోతే అది మనకు అలర్ట్ పంపుతుంది.

సెంట్రీలో అలర్ట్ పెట్టే పద్ధతి

ముందు అకౌంట్ తెరిచి, ప్రాజెక్టు సృష్టించి, మీరు వాడిన ప్రోగ్రామింగ్ భాష ఎంచుకోవాలి. డీఎస్ఎన్ అనే ఒక అడ్రస్ ఇస్తారు. దాన్ని మీ కోడ్‌లో పెట్టాలి. తర్వాత కావాలనే ఒక ఎర్రర్ సృష్టించి, అది సెంట్రీలో కనబడిందో లేదో చూసుకోవాలి.

ఆ తర్వాత అలర్ట్స్ మెనూలో రూల్ రాయాలి. మొదట్లో మూడు చాలు:

- ఇంతకుముందు లేని కొత్త ఎర్రర్ వచ్చినప్పుడు
- సరిచేశామనుకున్న ఎర్రర్ మళ్లీ వచ్చినప్పుడు
- ఒకే ఎర్రర్ గంటలో మీరు పెట్టిన హద్దు దాటి వచ్చినప్పుడు

ఒకే ఎర్రర్‌కు 30 నిమిషాల్లో ఒక్కసారే కబురు వచ్చేలా పెట్టండి. టెస్టింగ్‌లో వచ్చే తప్పులు వదిలేసి, కస్టమర్లు వాడే ప్రొడక్షన్‌కే రూల్ వర్తింపజేయండి.

ఎక్కువైతే ఎవరూ చూడరు

పొద్దున లేస్తే గుడ్ మార్నింగ్ మెసేజులతో నిండే వాట్సాప్ గ్రూపును మనం ఏం చేస్తాం? మ్యూట్ చేస్తాం. రోజుకు వంద అలర్ట్‌లు వచ్చినా అంతే. అసలైనది వచ్చిన రోజు కూడా చూడం. అలర్ట్ వస్తే ఎవరో ఒకరు లేచి పనిచేయాలి. పనిలేని కబురైతే ఆ రూల్ తీసేయడమే మంచిది.

ఫోన్ సంగతి కూడా చూడాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం నోటిఫికేషన్లను ఆలస్యం చేస్తాయి. ఈమెయిల్ యాప్‌కు ఆ పరిమితి తీసేయండి. రాత్రి డు నాట్ డిస్టర్బ్ పెట్టుకుంటే, ఆ యాప్‌ను మినహాయింపుల్లో చేర్చండి. సైటు అలర్ట్ రెండో మనిషికి కూడా వెళ్లేలా చూడండి. సౌదీలో ఉన్న తమ్ముడు ఆ టైముకు మేలుకుని ఉంటాడనుకుంటే అతని ఈమెయిలే పెట్టొచ్చు. కోడ్ రాకపోయినా పర్వాలేదు, ఫోన్ చేసి మిమ్మల్ని లేపితే చాలు.

ఒక జాగ్రత్త. ఎర్రర్ రిపోర్టులో కస్టమర్ పాస్‌పోర్టు, ఆధార్ నంబర్లు, ఓటీపీ పోకూడదు. అవి తుడిచేసేలా సెంట్రీలో రూల్ పెట్టుకోవచ్చు. ఆ రూల్ పెట్టారో లేదో చూసుకోండి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది.

నెలకోసారి కావాలనే ఎర్రర్ తెప్పించి, అలర్ట్ ఎంతసేపటికి వచ్చిందో రాసిపెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ చేయించుకునే షాపు యజమానులు డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగాలి: "బాబూ, రాత్రిపూట ఇది ఆగితే నీకెట్ల తెలుస్తది?" దానికి జవాబు చెప్పగలిగిన పిల్లవాడికే పని ఇవ్వండి.