పరిశోధన నుండి పల్లెకు – చలిజ్వరం కథ

శాస్త్రజ్ఞుడు ఒక సత్యాన్ని కనిపెట్టడం ఒక ఎత్తు. ఆ సత్యం రోగి మంచం దగ్గరకు చేరడం మరొక ఎత్తు. ఈ రెండింటికీ నడుమ ఎన్ని సంవత్సరాలు గడుస్తాయో తెలుసుకోవడానికి చలిజ్వరం, అనగా మలేరియా, చక్కని ఉదాహరణ.

పాడేరుకూ అరకుకూ నడుమనున్న హుకుంపేట ప్రాంతం కొండలకూ వాగులకూ ఆలవాలం. ఒకప్పుడు మైదానపు ఉద్యోగులు విశాఖ మన్యమంటే చలిజ్వరానికి జంకేవారు. ఆ జ్వరానికి కారణం చెడుగాలి అని చాలాకాలం నమ్మారు. 1880లో లావరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగి రక్తంలో పరాన్నజీవిని చూశాడు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మన సికిందరాబాదులోనే, రోగి రక్తం త్రాగిన దోమ కడుపులో ఆ జీవి ఎదుగుతూ ఉండగా కనుగొన్నాడు.

వింత ఏమిటంటే, మందు అంతకు ముందే ఉన్నది! సింకోనా బెరడు నుండి క్వినైనును 1820లోనే వేరుచేశారు. 1892 నుండి బెంగాలులో దానిని చిన్న పొట్లాలుగా కట్టి తపాలా కార్యాలయాలలో అమ్మారు. రోగకారణం తెలియకముందే మందు దొరికింది. కారణం తెలిసిన తరువాత నివారణకు మాత్రం దశాబ్దాలు పట్టింది.

ఎందుకు? దోమ అన్నంత మాత్రాన చాలదు, ఏ దోమ అన్నది తేలాలి. 1930లలో సీనియర్ వైట్ అనే శాస్త్రజ్ఞుడు పొరుగున ఉన్న జయపురం కొండలలో పరిశోధించి, అక్కడ జ్వరాన్ని వ్యాపింపజేసేది ముఖ్యంగా అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అని చూపాడు. ఇది మురుగు గుంటలలో కాక, మెల్లగా పారే తేట నీటి వాగుల అంచులలో పెరుగుతుంది. కనుక పల్లపు ఊళ్ళలో గుంటలు పూడ్చే ఉపాయం కొండలలో సరిపోదు.

మందుల సంగతీ అంతే. క్లోరోక్వినును 1934లో జర్మనీలో తయారుచేశారు. అది విషతుల్యమని తలచి ప్రక్కన పెట్టారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో మళ్ళీ పరీక్షించిన తరువాతనే దాని విలువ తెలిసింది. ఒక పొరపాటు అంచనా వలన పదేళ్ళు వృథా అయినవి.

1953లో భారతదేశం జాతీయ మలేరియా నియంత్రణ పథకాన్ని ఆరంభించి, ఇండ్లలో డి.డి.టి. చల్లించింది. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగింది. రోగం పోయినట్లే అనిపించింది. కాని 1976లో ఆ సంఖ్య 64 లక్షలు దాటింది. దోమలు డి.డి.టి.కి లొంగక పోసాగినవి, పర్యవేక్షణ సడలింది. పైగా గిరిజన గ్రామాలలో గోడలను తరచు మట్టితో అలకడం ఆచారం. ఆ అలుకు క్రింద చల్లిన మందు మరుగున పడుతుంది. ప్రయోగశాలలో ఈ గోడ ఎవరి లెక్కలోనికీ రాలేదు.

1973లో అస్సాంలో క్లోరోక్వినుకు లొంగని పరాన్నజీవి బయటపడింది. అప్పటికి ఏడాది ముందే చైనాలో టు యుయు బృందం ఆర్టెమిసినిన్ను వేరుచేసింది. అయినా దానిని ఇతర మందులతో కలిపి వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది 2001లో. మన దేశమంతటా ఫాల్సిపారం రోగులందరికీ ఆ మిశ్రమమే ఇవ్వాలని నిర్ణయించినది 2010లో. ముప్పది ఎనిమిది సంవత్సరాలు!

ఈ ఆలస్యమంతా అలసత్వమే అనడం తప్పు. కొత్త మందు సురక్షితమో కాదో పరీక్షించాలి, కావలసినంత తయారుచేయాలి, కొండదారిన చేర్చాలి, ప్రజల నమ్మకం పొందాలి. కాని ప్రతి మెట్టు మీద పోయిన కాలానికి మూల్యం చెల్లించినది జ్వరంతో వణికిన పిల్లలే.

చివరి మెట్టు ఇప్పటికీ ఉన్నది. వైవాక్స్ రకపు పరాన్నజీవి కాలేయంలో దాగి నెలల తరువాత మళ్ళీ జ్వరం తెస్తుంది. దానిని నిర్మూలించే ప్రైమాక్విను మాత్రలను వైద్యుని పర్యవేక్షణలో 14 రోజులు వాడే పద్ధతి ఉన్నది. మూడవ నాటికి జ్వరం తగ్గగానే మాత్రలు మానివేయడం మనుష్య స్వభావం. మిగిలిన పదకొండు రోజులు ఎందుకు మింగాలో ఇంటివారికి వివరించగల విద్యార్థి, రాస్ ఆరంభించిన పనిని మరి కొంత ముందుకు నడిపినవాడవుతాడు.