ఓడెక్కిన బీరువాలు

పెనుకొండ గగన్ మహల్ మెట్ల మీద కూర్చుని పోయిన రాజ్యాన్ని తలచుకోవచ్చు. హిందూపురం పక్కన లేపాక్షిలో, సగంలో ఆగిన కల్యాణమండపం స్తంభాలను తడిమి కన్నీరు పెట్టుకోవచ్చు. మా సీమ పతనాలకు కనీసం రాళ్లు మిగిలాయి. విశాఖపట్నం దంతపు బీరువాలకు అదీ లేదు. ఏడవడానికి ఆనవాలైనా మిగల్చకుండా ఓడెక్కి వెళ్లిపోయాయి.

18వ శతాబ్దంలో, ఈస్టిండియా కంపెనీ కోఠీ ఉన్న ఆ రేవులో, కంసాలుల చేతుల్లో ఇరుగుడు చెక్క గాడులు తొడిగేది. గాడిలో ఏనుగు దంతపు తునక ఒదిగేది. దాని మీద సన్నటి ఉలి గీతలు గీసేది. గీతల్లోకి నల్లలక్క దిగేది. నునుపు చేయగానే తెల్లపూవుకు ఈనెలు తేలేవి. బీరువా ఆకారం లండన్‌ది: పైన తలుపులు, కింద వాలుపలక రాతబల్ల, లోపల చిన్నచిన్న సొరుగులు. అంచున పాకిన లతలు మాత్రం మన అద్దకపు బట్టలవి. ఎంత అందం! ఎంత తక్కువ ఆయుష్షు!

చైనాలో చేసిన లక్కపూత తెరలు, బీరువాలు మన తీరపు రేవుల మీదుగా ఐరోపా చేరి కోరమాండల్ పేరు సంపాదించుకున్నాయి. చైనా సరుకుకు మన తీరం పేరు దక్కింది. మన కంసాలికి తన పేరే దక్కలేదు.

1756లో విశాఖకు వచ్చిన సైనికాధికారి జాన్ కార్నీల్ ఆ పొదుగు పనిని మెచ్చుకుంటూ రాసుకున్నాడు. మెచ్చిందీ దొరలే, కొన్నదీ దొరలే. చేటు అక్కడే ఉంది. ధర్మవరం మగ్గం ఎన్ని దెబ్బలు తిన్నా ఆడుతోందంటే, మన పెళ్లికూతుళ్లు ఆ పట్టుచీర అడుగుతున్నారు గనుక. దంతపు బీరువాను మన ఏ ఇల్లు అడిగింది?

దొరల మోజు మారింది. లతలు తప్పుకుని ఇంగ్లీషు మేడల బొమ్మలొచ్చాయి. బీరువాలు కుట్టుపెట్టెలుగా కుంచించుకుపోయాయి. దంతం పక్కన కొమ్ము, ఏదుముల్లు చేరాయి. చివరికి 1972 వన్యప్రాణి చట్టం, 1986 సవరణ దంతం వ్యాపారానికి తలుపు మూశాయి. మూయాల్సిందే, ఆ తెల్లపూల వెనక కూలిన ఏనుగుల కోసమూ ఏడవాలి కదా.

అయినా దారి లేకపోలేదు. మా హిందూపురం దాటి కన్నడసీమలోకి వెళితే, మైసూరు ఇరుగుడు పని ఇప్పటికీ బతికే ఉంది. అక్కడా ఒకప్పుడు దంతమే; ఇప్పుడు దాని చోట రంగురంగుల చెక్కలు. విశాఖలోనూ చేతులింకా ఆడుతున్నప్పుడే, దంతం మానేసి చెక్కతోనే ఆ లత అల్లి పెట్టమని అడిగే ఇల్లు ఊళ్లో ఒక్కటి ఉండి ఉంటే!