చచ్చాక ఏం చేస్తాం? షూటర్ గేముల్లో ఓపిక కథ

23 నిమిషాలు.

2020 ఆగస్టు, గచ్చిబౌలిలో నా రూమ్. పబ్జీ మొబైల్‌లో డ్యూయో మ్యాచ్. నేనూ, వరంగల్‌లో ఉన్న మా బాబాయి కొడుకూ. 23 నిమిషాలు గడ్డిలో పాక్కుంటూ, బ్లూ జోన్ నుంచి తప్పించుకుంటూ వచ్చాం. మాతో కలిపి ఆరుగురే మిగిలారు. నేను లేచి పరిగెత్తాను. నాక్ అయ్యాను. మావాడు స్మోక్ వేసి నన్ను లేపడానికొచ్చాడు, వాడికీ పడింది. మ్యాచ్ ఓవర్. నేను మైకులో ఒక్కటే మాట అన్నాను: "నీకు ఓపిక లేదురా, నీవల్లే పోయింది." ఎగ్జిట్ నొక్కాను. రెండు సెకన్లలో లాబీ.

హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్. ఆ రెండు సెకన్ల గురించే ఈ ఎపిసోడ్.

ఇవాళ టిప్స్ లేవు, రివ్యూ లేదు. హిస్టరీ చెప్పుకుందాం. షూటర్ గేముల చరిత్రని చాలామంది గన్నులతో, గ్రాఫిక్స్‌తో చెబుతారు. నేను ఒకే ఒక్క ప్రశ్నతో చెబుతా. చచ్చాక ఆ గేమ్ మనచేత ఏం చేయించింది? ఈ జవాబు మారిన ప్రతిసారీ ప్లేయర్ ఓపిక కూడా మారింది. అది చూద్దాం.

1993 డిసెంబర్. ఇడ్ సాఫ్ట్‌వేర్ వాళ్ల డూమ్ వచ్చింది. ఒకరినొకరు కాల్చుకునే ఆటకి డెత్‌మ్యాచ్ అనే పేరు పాపులర్ అయింది దాంతోనే. చచ్చావా? ఒక్క బటన్, మళ్లీ లేచావ్. పోయేది దాదాపు ఏమీ లేదు కాబట్టి భయం లేదు, ఆగాల్సిన పని అంతకన్నా లేదు. ఎంత స్పీడుగా పరిగెత్తితే అంత మంచి ప్లేయర్.

1998లో రెయిన్‌బో సిక్స్ అనే గేమ్ దీన్ని తిరగేసింది. ఒకటి రెండు బుల్లెట్లు తగిలితే మనిషి పోయినట్టే. మిషన్ మొదలవకముందే మ్యాప్ మీద ప్లాన్ గీసుకోవాలి. ఇవాళ మనం హార్డ్‌కోర్ అంటున్న దానికి పునాదుల్లో అదొకటి.

అదే 1998, నవంబర్. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. సరిగ్గా అదే నెలలో అమెరికాలో వాల్వ్ కంపెనీ హాఫ్‌లైఫ్ రిలీజ్ చేసింది. ఒకదానికొకటి సంబంధం లేదు, నిజమే. కానీ కొన్నేళ్లకి రెండూ మన ఊళ్లో కలిశాయి. మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు హాఫ్‌లైఫ్ మీద ఒక మాడ్ కట్టారు. 1999లో బీటా, 2000లో వాల్వ్ దాన్నే సొంత గేముగా అమ్మింది. పేరు చెప్పక్కర్లేదు. కౌంటర్ స్ట్రైక్.

నేను స్కూల్లో ఉన్నప్పుడు కూకట్‌పల్లిలో నెట్ కేఫ్‌కి వెళ్లేవాణ్ణి. గంటకి ఇరవై రూపాయలు. 1.6 వర్షన్, డస్ట్ టూ మ్యాప్. అందులో చచ్చిపోతే ఆ రౌండ్ అయ్యేదాకా లేవలేవు. కుర్చీలో కూర్చుని, బతికున్నవాడి స్క్రీన్ చూడాల్సిందే. జేబులో ఇరవై కరుగుతుంటుంది. పైగా డబ్బు లెక్క ఒకటి. మొదటి రౌండ్‌కి చేతిలో 800 డాలర్లే. ఏడబ్ల్యూపీ స్నైపర్ ధర 4750. అది కొనుక్కుని చచ్చావంటే గన్ను పోయింది, ఎదుటోడు ఎత్తుకుపోవచ్చు కూడా. అందుకే టీమ్ మొత్తం ఒక రౌండ్‌లో ఏమీ కొనకుండా ఆగడం, దాన్నే ఎకో అనడం మొదలైంది. అంటే ఓడిపోతామని తెలిసే ఆడటం, తర్వాతి రౌండ్ కోసం. ఇంతకన్నా ఓపిక ఏముంటుంది?

ఆ కుర్చీలో కూర్చోవడం ఇంకోటి కూడా నేర్పింది. చచ్చినవాడు వెనక నిలబడి చూస్తుంటే వాడికి కనిపించేది ఏంటి? పక్కవాడు ఎందుకు అక్కడ ఆగాడో, ఏ అడుగుల చప్పుడు విన్నాడో. "నీవల్లే పోయింది" అనాలంటే మొహం మీద అనాలి. అన్నా కూడా, ఇద్దరూ కలిసే కదా బయట చాయ్ తాగేది.

తర్వాతి మలుపు 2012. డీన్ హాల్, న్యూజిలాండ్ ఆయన, అక్కడి సైన్యంలో పనిచేసినవాడు. ఆర్మా 2 అనే మిలిటరీ గేమ్ మీద డేజెడ్ అనే మాడ్ చేశాడు. మ్యాప్ 225 చదరపు కిలోమీటర్లు. గంటల తరబడి తిరిగి తిండి, నీళ్లు, గన్ను వెతుక్కుంటావ్. ఎవడో దూరం నుంచి ఒక్క బుల్లెట్ కొడతాడు. అంతే, మొత్తం పోయింది. మళ్లీ సముద్రం ఒడ్డున ఖాళీ చేతులతో మొదలు. విసుగొస్తుందా? ఘోరంగా వస్తుంది. అయినా జనం దీనికోసం ఎగబడ్డారు. ఎందుకంటే అక్కడ ఎదురుపడ్డ మనిషిని చూస్తే నిజంగా చేతులు వణుకుతాయి.

ఈ వణుకుకి సైన్స్ ఉంది. 1979లో డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్స్కీ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక పేపర్ రాశారు. అందులో ఒక పాయింట్: వంద రూపాయలు దొరికిన ఆనందం కన్నా వంద పోగొట్టుకున్న బాధ పెద్దది. హార్డ్‌కోర్ గేమ్ ఈ బాధని ముందు పెట్టి ఓపికని బయటికి లాగుతుంది. పోయేది ఉంటేనే మనిషి ఆగుతాడు.

డేజెడ్ ఆడుతూ ఐర్లాండ్ నుంచి వచ్చిన బ్రెండన్ గ్రీన్ 2013లో దాని మీద బ్యాటిల్ రాయల్ మాడ్ చేశాడు. అదే పెరిగి 2017లో పబ్జీ అయింది. వంద మంది, ఎనిమిది కిలోమీటర్ల బై ఎనిమిది కిలోమీటర్ల ఎరాంగెల్, ఒకే ప్రాణం. 2018 మార్చిలో మొబైల్‌కి, అదీ ఫ్రీగా. జియో పుణ్యమా అని అప్పటికే మన చేతుల్లో డేటా ఉంది. నేను అప్పుడు బీటెక్ హాస్టల్‌లో ఉన్నా. రాత్రి పన్నెండుకి కారిడార్ మొత్తం "డ్రాప్ ఎక్కడ మామా" అనే గోలే.

కానీ గమనించండి, మొబైల్‌లో ఒకటి మారింది. కొత్తవాళ్ల మ్యాచుల్లో బాట్లు నింపారు, ఈజీగా గెలిచేలా. చచ్చిపోతే స్టార్ట్ బటన్ రెడీగా ఉంటుంది. చూస్తూ కూర్చునే ఆప్షన్ ఉంది కానీ ఎవరు కూర్చుంటారు? రిస్క్ అలాగే ఉంది, ర్యాంక్ పాయింట్లు పోతాయి. విసుగు అలాగే ఉంది. మధ్యలో ఆ కుర్చీ మాత్రం పోయింది. చల్లబడే టైమ్ లేదు. కోపంతోనే ఇంకో మ్యాచ్, ఇంకా చెత్తగా ఆడతాం, ఇంకా కోపం. దీన్ని టిల్ట్ అంటారు. ఆ మాట పిన్‌బాల్ మెషిన్ నుంచి వచ్చింది. కోపంతో మెషిన్‌ని ఊపితే అది టిల్ట్ అని చూపించి ఆగిపోయేది. ఫోన్ అలా ఆగదు కదా.

ఇక 2020. ఆ రాత్రి తర్వాత మావాడు ఆన్‌లైన్‌కి రాలేదు. రేపు మాట్లాడదాంలే అనుకున్నా. నాది అప్పుడే కొత్త జాబ్, వర్క్ ఫ్రమ్ హోమ్, రాత్రిళ్లు రిలీజులు. సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లు బ్యాన్ చేసింది, పబ్జీ మొబైల్ అందులో ఉంది. చైనాతో సరిహద్దు ఉద్రిక్తత నడుస్తున్న రోజులవి. జూన్‌లో గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది ప్రాణాలిచ్చారు. వాళ్లలో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు ఉన్నారు. గేమ్ పోయిందని గోల పెట్టిన మా గ్రూపులో, ఆ పేరు గుర్తొచ్చాక, ఎవరూ ఇంకేం టైప్ చేయలేదు. అక్టోబర్ 30న సర్వర్లు కూడా ఆగాయి. నాకు మావాడితో ఇంకో మ్యాచ్ మిగల్లేదు.

2021 సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు వాడు ఫోన్ తీసి ఒక స్క్రీన్ రికార్డింగ్ చూపించాడు. ఆ మ్యాచే. వాడి మైకులో వాడి గొంతు: "అన్నా ఆగు, జోన్ ఇంకా రాలే." మళ్లీ: "అన్నా, చెట్టు వెనక ఇద్దరున్నారు, ఆగు." నేను వినలేదు. లేచాను, పడ్డాను. వాడికి ఆ ఇద్దరూ అక్కడున్నారని తెలుసు. తెలిసే స్మోక్ వేసుకుని నాకోసం వచ్చాడు. ఓపిక లేనిది ఎవరికో ఆ వీడియోలో క్లియర్‌గా ఉంది. ఆ రాత్రి నేను ఎగ్జిట్ నొక్కకుండా ఒక్క నిమిషం ఆగి వాణ్ణి అడిగి ఉంటే చాలు.

వాడేమీ అనలేదు. "వదిలేయ్ అన్నా, గేమే కదా" అన్నాడు. సారీ చెప్పాను. ఐదు నెలలు లేట్.

2021 జులైలో బీజీఎంఐగా గేమ్ తిరిగొచ్చింది, 2022 జులైలో మళ్లీ స్టోర్ల నుంచి పోయింది, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఈసారి రోజుకి ఇన్ని గంటలే అని లిమిట్ పెట్టారు, 18 ఏళ్లలోపు వాళ్లకి 3, మిగతావాళ్లకి 6. గంటలకి లిమిట్ పెట్టొచ్చు. చచ్చాక ఆ రెండు సెకన్లకి మాత్రం మనమే పెట్టుకోవాలి.

చివరగా, ఈ ప్రశ్నకి నాకు నచ్చిన జవాబు ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్ అనే పీసీ గేమ్‌లో ఉంది. 2017లో బీటాగా మొదలైంది. నువ్వు తీసుకెళ్లిన గన్ను, బ్యాగు, దాదాపు అన్నీ చస్తే పోతాయి. మంచి గన్ను పెట్టెలో దాచుకుని వాడటానికే భయపడతారు, దానికి గేర్ ఫియర్ అని పేరు కూడా పెట్టారు. కానీ అందులో ఇన్సూరెన్స్ ఉంది. ఎదుటి ప్లేయర్లు నీ సామాను ఎత్తుకెళ్లకపోతే, కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు తిరిగొస్తుంది. అందుకే బతికున్న ఫ్రెండ్ ఏం చేస్తాడంటే, నీ గన్ను తీసుకెళ్లి ఎవరికీ కనిపించకుండా పొదలో పడేస్తాడు. నువ్వు చచ్చిపోయావ్. వాడు ఇంకా రిస్క్‌లో ఉన్నాడు. అయినా నీ గన్ను కోసం ఒక నిమిషం ఆగుతాడు.

ఇప్పుడు మా ఇద్దరికీ ఒక రూల్ ఉంది. ముందు చచ్చినవాడు లాబీకి పోకూడదు. రెండోవాడి స్క్రీన్ చూస్తూ ఉండాలి, సలహా ఇవ్వకూడదు. పాత కేఫ్ కుర్చీలాగే. ర్యాంక్ ఏమీ పెరగలేదు, అబద్ధం ఎందుకు. కానీ వాడు ఎందుకు ఆగుతున్నాడో నాకు కనిపిస్తోంది.

ఇవాళ రాత్రి మీరు చచ్చిపోయినప్పుడు ఎగ్జిట్ నొక్కకండి. ఒక్కసారి మీ ఫ్రెండ్ స్క్రీన్ చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.