మందుల మీద బహిరంగ విచారణ

గర్భం నిలిచిందో లేదో తేల్చుకోవడానికని ఒకప్పుడు మన ఆడవాళ్లకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ కలిపిన అధిక మోతాదు మాత్రలిచ్చేవారు. గర్భమే నిజమైతే కడుపులోని బిడ్డకు అవకరం రావచ్చునని వైద్యులు హెచ్చరించారు. 1982లో కేంద్రం నిషేధిస్తే, కంపెనీలు హైకోర్టులకెళ్లి స్టే తెచ్చుకున్నాయి. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు ఊరుకోలేదు. చివరకు సుప్రీంకోర్టు ఆదేశంతో డ్రగ్స్ కంట్రోలర్ ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో బహిరంగ విచారణ జరిపారు. మందుల సంగతి మీకేం తెలుసనే రోజుల్లో, మింగేవాళ్ల పక్షాన మాట్లాడేవారికీ అక్కడ చోటు దొరికింది. నిషేధం కన్నా నాకదే పెద్ద విశేషంగా తోస్తుంది. 1988లో ఆ మందును మళ్లీ నిషేధించారు. గర్భనిరోధక మాత్రలు వేరు సుమండీ! వాటిలో మోతాదు తక్కువ, ఈ నిషేధం వాటికి వర్తించదు.