మోకాలు ఆనిస్తే చాలు!

2023 అక్టోబరు 7, శనివారం రాత్రి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, మయామీ గార్డెన్స్‌లో హార్డ్ రాక్ స్టేడియం.

గడియారంలో ఇంకో అర నిమిషం పైచిలుకు ఉంది. స్కోరు బోర్డు మీద మయామీ 20, జార్జియా టెక్ 17. బంతి మయామీ దగ్గరే ఉంది. జార్జియా టెక్ తన టైమ్‌అవుట్‌లన్నీ వాడేసుకుంది. అంటే గడియారాన్ని ఆపే దారి ఆ జట్టుకు లేదు.

మయామీకి మిగిలిన పని ఒక్కటే. క్వార్టర్‌బ్యాక్ టైలర్ వాన్ డైక్ బంతి అందుకుని, నిలబడ్డ చోటే ఒక మోకాలు నేలకు ఆనించాలి. ఆ తర్వాత రెండు జట్లూ చేతులు కలుపుకుని ఇంటికి పోవచ్చు.

సైడ్‌లైన్ నుంచి వచ్చిన ఆదేశం మాత్రం అది కాదు. పరుగు తీయమన్నారు. వాన్ డైక్ బంతిని రన్నింగ్‌బ్యాక్ డాన్ చేనీ జూనియర్ చేతిలో పెట్టాడు. చేనీ తల వంచి మనుషుల గుంపులోకి దూరాడు. నలుగురు మీద పడ్డారు. ఆ కుప్ప లేచేసరికి బంతి జార్జియా టెక్ ఆటగాళ్ల దగ్గర ఉంది. గడియారంలో 26 సెకన్లు.

ఆ మోకాలి లెక్క ఏమిటి?

ఇది అమెరికన్ ఫుట్‌బాల్, రెండూ విశ్వవిద్యాలయాల జట్లు. ఈ ఆట మనకు అంతగా అలవాటు లేదు కాబట్టి రెండు ముక్కలు చెప్పుకోవాలి. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి, దాన్నే మొదటి డౌన్ సాధించడం అంటారు. బంతి పట్టుకున్నవాడు మైదానం లోపలే పడిపోతే గడియారం తిరుగుతూనే ఉంటుంది. తర్వాతి ప్రయత్నం మొదలుపెట్టడానికి 40 సెకన్ల గడువు ఉంటుంది. ఆటలో మిగిలింది 40 సెకన్ల కన్నా తక్కువై, ఎదుటివాళ్లకు టైమ్‌అవుట్‌లు లేకపోతే, ఒక్క మోకాలితో ఆట ముగిసినట్టే. ఆ రాత్రి మయామీ సరిగ్గా అక్కడే ఉంది.

కబడ్డీ చూసేవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఆధిక్యంలో ఉన్న జట్టు ఆఖరి రెయిడ్‌కు వెళ్లినప్పుడు రెయిడర్ బాక్ లైన్ దాటి, అటూ ఇటూ కదిలి, ఎవరికీ చిక్కకుండా వెనక్కి వచ్చేస్తాడు. పాయింటు కోసం ఎగబడడు. ఎగబడితే కోచ్ ఊరుకోడు.

ఆ మోకాలి కోసం ప్రత్యేకంగా ఒక వ్యూహమే ఉంది. దాన్ని విక్టరీ ఫార్మేషన్ అంటారు. క్వార్టర్‌బ్యాక్‌కు అటొకడు ఇటొకడు కాచుకుని నిలబడతారు. ఇంకొకడు వాళ్లకు చాలా వెనక ఒంటరిగా ఉంటాడు. ఒకవేళ బంతి జారి ప్రత్యర్థికి చిక్కితే వాణ్ని వెంటాడి పట్టుకోవడమే అతని పని. మోకాలు ఆనించడంలో కూడా ప్రమాదం ఉండొచ్చని లెక్క వేసి, దానికీ ఒక మనిషిని పెట్టారన్నమాట.

26 సెకన్లు, 74 గజాలు

చేనీ చేతి నుంచి బంతి జారిందా, అంతకు ముందే అతని శరీరం నేలను తాకిందా అన్నది రిఫరీలు రీప్లేలో చూశారు. మైదానంలో ఇచ్చిన నిర్ణయాన్ని మార్చలేదు. మయామీ అభిమానులు ఆ కొన్ని క్షణాల వీడియోను ఆపి ఆపి చూసి, ముందే తాకిందని ఈనాటికీ వాదిస్తారు.

చేనీ మయామీ కుర్రాడే. అంతకు ముందు వరసగా రెండు సీజన్లలో చాలా భాగం గాయాల పాలైంది. అతను బంతిని నిర్లక్ష్యంగా పట్టుకున్నాడనడం న్యాయం కాదు. ఆఖరి క్షణాల్లో వెనకబడ్డ జట్టు మనిషిని పడగొట్టి ఊరుకోదు, బంతి మీదే పడుతుంది. ఒకడు కాళ్లు పట్టుకుంటాడు, ఇంకొకడు మోచేతి సందులో చెయ్యి దూర్చి బంతిని పెకలిస్తాడు, మూడోవాడు పిడికిలితో దాన్ని కొడతాడు. పోగొట్టుకోవడానికి వాళ్లకు ఏమీ మిగల్లేదు. ఆ గుంపులోకి చేనీని పంపింది ఎవరన్నదే ప్రశ్న.

జార్జియా టెక్ అంటే మన ఇళ్లలో ఇంజనీరింగ్ చదువు గుర్తొస్తుంది. ఆ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు అంతకు ముందు వారమే సొంత మైదానంలో బౌలింగ్ గ్రీన్ అనే చిన్న జట్టు చేతిలో ఓడి వచ్చింది. మయామీ అప్పటిదాకా ఓటమి ఎరగదు, దేశంలో 17వ ర్యాంకు. ఆ సాయంత్రం జార్జియా టెక్ గెలుస్తుందని అన్నవాళ్లు అరుదు.

బంతి ఇప్పుడు జార్జియా టెక్ సొంత 26 గజాల గీత దగ్గర ఉంది. ఎదురుగా 74 గజాలు. క్వార్టర్‌బ్యాక్ హేన్స్ కింగ్ విసిరిన ఒక పాస్ మలిక్ రదర్‌ఫోర్డ్‌కు చిక్కి 30 గజాలు తెచ్చింది. మిగిలింది 44. కింగ్ మళ్లీ దూరంగా విసిరాడు. క్రిస్టియన్ లియరీ మయామీ రక్షకుల వెనక్కి వెళ్లిపోయి ఉన్నాడు. బంతి చేతుల్లో పడింది, కాళ్లు గోల్ గీత దాటాయి. టచ్‌డౌన్. గడియారంలో ఒక్క సెకను మిగిలింది. జార్జియా టెక్ 23, మయామీ 20.

ఎవరి మీద వేయాలి ఈ పాపం?

ఆ రాత్రి మొదలైన వాదన మూడు దారుల్లో నడిచింది.

మొదటి వర్గం వేలు డిఫెన్స్ వైపు చూపింది. బంతి జారింది సరే, ప్రత్యర్థికి టైమ్‌అవుట్ లేదు, 26 సెకన్లే ఉన్నాయి, 74 గజాలు పోవాలి. అలాంటప్పుడు రక్షకుడు చేయాల్సింది ఎవరినీ తన వెనక్కి పోనివ్వకపోవడం. చిన్న పాస్‌లు పట్టుకుంటే పట్టుకోనీ, కాలం కరిగిపోతుంది. లియరీని వెనక్కి వదిలేసినవాళ్లను పట్టించుకోకుండా కోచ్‌నొక్కణ్నే తిడితే ఎలా అన్నది వీళ్ల మాట. ఇందులో సత్తువ ఉంది.

రెండో వర్గం కోచ్ తరఫున నిలబడింది. ఇంకో పది గజాలు సాధిస్తే అనుమానానికే తావుండదు, గెలిచే జట్టుకు ఆట ముగించే అలవాటు ఉండాలి, వెయ్యిసార్లు బంతి చేతికిస్తే ఒక్కసారి జారుతుందేమో, ఆ ఒక్కసారి ఇదైంది, దురదృష్టం అన్నారు. ఈ వాదన లెక్క ముందు నిలవదు. మోకాలితోనే ముగిసిపోయే ఆటలో పది గజాలు దేనికి? గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తితే, గొడ్డలి జారడం దురదృష్టం అనిపించుకోదు.

మూడో వర్గం, అన్నిటికన్నా పెద్దది, కోపం కన్నా ఆశ్చర్యంతో మాట్లాడింది. ప్రధాన కోచ్‌కు తోచలేదు, పోనీ. సైడ్‌లైన్ మీదా, పైన బాక్సులోనూ అంతమంది సహాయకులున్నారు, చెవులకు హెడ్‌సెట్లున్నాయి, నోళ్లున్నాయి. మోకాలు ఆనించమని ఒక్కరూ అరవలేదా? అరిచినా వినే వాతావరణం ఆ జట్టులో లేదా?

ఆట తర్వాత కోచ్ మారియో క్రిస్టోబాల్ దాటవేయలేదు. మొదటి డౌన్ సాధించగలమనుకున్నామని, మోకాలే ఆనించాల్సిందని, తానే కలగజేసుకుని ఆ మాట చెప్పి ఉండాల్సిందని ఒప్పుకున్నాడు. అభిమానులు అంతటితో కొంత చల్లబడేవాళ్లేమో, ఇది మొదటిసారి అయ్యుంటే.

అంతకు ఐదేళ్ల ముందు ఇదే సినిమా

2018 సెప్టెంబరు 22. ఒరెగాన్ రాష్ట్రం, యూజీన్ పట్టణం, ఆట్జెన్ స్టేడియం. ఒరెగాన్ జట్టు స్టాన్‌ఫోర్డ్ మీద 31-28తో ముందుంది. నిమిషం లోపే మిగిలింది. మోకాలు ఆనిస్తూ పోతే స్టాన్‌ఫోర్డ్‌కు దాదాపు సమయమే మిగలదు. ఒరెగాన్ పరుగుకు వెళ్లింది. రన్నింగ్‌బ్యాక్ సీజే వర్డెల్ చేతిలోంచి బంతి జారింది. స్టాన్‌ఫోర్డ్ మూడు పాయింట్ల ఫీల్డ్‌గోల్ కొట్టి స్కోరు సమం చేసి, అదనపు ఆటలో 38-31తో గెలిచింది.

ఒరెగాన్ ప్రధాన కోచ్ ఎవరు? ఇదే మారియో క్రిస్టోబాల్.

2018 నిర్ణయాన్ని సమర్థించడానికి కొంత చోటుంది. అక్కడ మొదటి డౌన్‌కు విలువ ఉంది, మోకాళ్లతో గడియారం పూర్తిగా అయిపోతుందన్న హామీ లేదు. 2023లో ఆ హామీ ఉంది. అందుకే పాత గాయం ఉన్నవాళ్లు కూడా కొత్తదాన్ని నమ్మలేకపోయారు.

ఈ జబ్బు క్రిస్టోబాల్ ఒక్కడిదే కాదు. 1999 సెప్టెంబరు 11న టెక్సస్‌లోని వేకోలో బేలర్ జట్టు లాస్ వేగాస్‌లోని నెవాడా యూనివర్సిటీ మీద 24-21తో ముందుంది. బంతి ప్రత్యర్థి గోల్ గీతకు కొద్ది గజాల దూరంలో ఉంది, మిగిలింది కొద్ది సెకన్లే. కొత్తగా వచ్చిన కోచ్ కెవిన్ స్టీల్ జట్టుకు మొండితనం నేర్పాలనుకున్నాడు. ఇంకో టచ్‌డౌన్ కొట్టమన్నాడు. డారెల్ బుష్ చేతిలోంచి గీత దగ్గర బంతి జారింది. ప్రత్యర్థి ఆటగాడు కెవిన్ థామస్ దాన్ని అందుకుని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పరిగెత్తాడు. బేలర్ 27-24తో ఓడింది. ఆ కెవిన్ స్టీల్ 2022లో మయామీలో క్రిస్టోబాల్ దగ్గరే డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా పనిచేశాడు! 2023 సీజన్‌కు అతను అక్కడ లేడు. ఉండుంటే అరిచేవాడేమో.

అసలు ఈ విక్టరీ ఫార్మేషన్ పుట్టిందే ఇలాంటి దెబ్బ నుంచి. 1978 నవంబరు 19, న్యూజెర్సీలోని మెడోలాండ్స్. కాలేజీ ఆట కాదు, వృత్తి ఆటగాళ్ల లీగ్. న్యూయార్క్ జెయింట్స్ ఫిలడెల్ఫియా ఈగిల్స్ మీద 17-12తో ముందుంది. ఆ రోజుల్లో మోకాలు ఆనించడమంటే కొంత నామోషీ. కోఆర్డినేటర్ బాబ్ గిబ్సన్ బంతిని ల్యారీ జోంకాకు ఇమ్మన్నాడు. ఆటగాళ్లు వద్దని మొత్తుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ జో పిసార్సిక్ అంతకు ముందే ఆదేశం మార్చినందుకు చీవాట్లు తిన్నవాడు. చెప్పినట్టే చేశాడు. బంతి జారింది. ఈగిల్స్ ఆటగాడు హెర్మన్ ఎడ్వర్డ్స్ దాన్ని అందుకుని టచ్‌డౌన్ చేశాడు. గిబ్సన్ మర్నాడే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అభిమానులు స్టేడియం బయట టికెట్లు తగలబెట్టారు.

మొండితనానికి తెలియని పని

క్రిస్టోబాల్ మయామీలోనే పుట్టాడు, మయామీ విశ్వవిద్యాలయానికే ఆడాడు. 1989, 1991లలో జాతీయ చాంపియన్ అయిన జట్లలో లైన్‌మన్. లైన్‌మన్ పని ఎదుటివాణ్ని తోయడం. పరుగు తీయబోతున్నామని స్టేడియం అంతటికీ తెలిసినా తోసుకుంటూ పోవడమే వాళ్ల గర్వం. అలాంటివాణ్నే 2021 డిసెంబరులో పదేళ్ల ఒప్పందంతో, సుమారు 8 కోట్ల డాలర్లు పోసి ఇంటికి తెచ్చుకున్నారు. మెత్తబడ్డ జట్టును గట్టిపరచమనే తెచ్చారు. వారమంతా తోయమని నేర్పిన మనిషికి, ఆఖరి అర నిమిషంలో తోయడం ఆపమనడం కష్టమైంది. ఈ కథలన్నిటిలోనూ జరిగింది ఇదే. చేతకాని కోచ్ ఎవరూ లేరు. ఆపడాన్ని పిరికితనం అనుకున్నవాళ్లే ఉన్నారు.

2023 సీజన్‌లో మయామీ 7 గెలిచి 6 ఓడింది. వెళ్లగొట్టమన్న గొంతులు లేచాయి, యాజమాన్యం వినలేదు. క్రిస్టోబాల్ జట్టును మెల్లగా కట్టాడు. 2026 జనవరి 19న మయామీ జాతీయ ఫైనల్ ఆడింది, అదీ హార్డ్ రాక్ స్టేడియంలోనే. ఇండియానా చేతిలో 27-21తో ఓడింది.

ఆ ఫైనల్‌లో ఇంకో నిర్ణయం చూశారు జనం. చివరి క్వార్టర్‌లో ఇండియానా 17-14తో ముందుంది. నాలుగో ప్రయత్నం, నాలుగు గజాలు కావాలి. సులువైన ఫీల్డ్‌గోల్ కొడితే ఆధిక్యం ఆరు పాయింట్లకు పెరుగుతుంది. ఆరైతే మయామీ ఒక్క టచ్‌డౌన్, దాని వెంట వచ్చే అదనపు పాయింటుతో దాటేయగలదు. ఇండియానా కోచ్ కర్ట్ సిగ్నెట్టి క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజాను పరిగెత్తించాడు. 12 గజాలు, టచ్‌డౌన్. అందరూ సాహసం అని మెచ్చుకున్నారు.

మెండోజా పడిపోయి ఉంటే అదే నోళ్లు సిగ్నెట్టిని మూర్ఖుడనేవి. అభిమానుల తీర్పులో ఉండే లోపం ఇదే, ఫలితాన్ని బట్టి నిర్ణయానికి మార్కులు వేస్తారు. కానీ 2023 రాత్రి విషయంలో వాళ్లు తప్పు కాదు. చేనీ బంతి జారకుండా పది గజాలు సాధించి ఉన్నా ఆ ఆదేశం తప్పే అయ్యేది. కాకపోతే ఎవరూ గమనించేవాళ్లు కారు. మెండోజా పరుగు కుదిరితే చేతికొచ్చేది జాతీయ కిరీటం. చేనీ పరుగు కుదిరితే దక్కేది మోకాలు ఆనించినా దక్కే గెలుపే. ఇవతలి తక్కెడలో సున్నా, అవతలి తక్కెడలో ఆట మొత్తం. ఆ తూకం వేసుకోవడానికి నిబంధనలు 40 సెకన్లు ఇచ్చాయి, వేసినవాడే లేడు.