మువ్వ గోపాలుడి కుల్లియాత్ ఎక్కడుంది?

ఒక ఫన్‌కార్ నచ్చితే ఇప్పుడు పని తేలిక. ఫోన్ తెరిస్తే అతని ఆల్బమ్‌లన్నీ సంవత్సరాల వారీగా వరుసలో కనపడతాయి. మొదటిదాన్నుంచి చివరిదాకా వింటే ఒక మనిషి ఉమ్రంతా మన చెవుల ముందు నడిచిపోతుంది. తనే రాసి, తనే బాణీ కట్టి, తనే పాడే ఇలాంటి వాళ్లని తెలుగులో వాగ్గేయకారులంటారు. మన బంటుమిల్లి వాళ్లకి ఈ శౌక్ పుడితే ఎక్కడికో పోనక్కర్లేదు. పెడన మీదుగా బందరు, అక్కణ్ణించి కూచిపూడి పక్కనున్న మొవ్వ. 17వ శతాబ్దపు క్షేత్రయ్య అక్కడి గోపాలుడి పేరునే తన పదాలకు ముద్రగా పెట్టుకున్నాడు. గజల్ చివర షాయర్ తన తఖల్లుస్ పెట్టుకుంటాడు కదా, అలాంటిదే ఇది. తేడా ఒక్కటే. తఖల్లుస్ షాయర్‌ది, ముద్ర దేవుడిది.

క్షేత్రయ్య పదాలన్నీ వరుసగా వినాలని కూర్చుంటే మొదటి అడుగులోనే ఆగిపోతాం. ఎందుకంటే హిసాబ్ ఉంది, ఖజానా లేదు.

ఆ హిసాబ్ క్షేత్రయ్యదే. ఏ దర్బార్లో ఎన్ని పదాలు చెప్పాడో ఒక పదంలో తనే చెప్పుకున్నాడు. సాహిత్య చరిత్రకారులు దాన్నుంచి తీసిన లెక్క ఇది: మధుర తిరుమల నాయకుడి దగ్గర 2000, తంజావూరు విజయరాఘవ నాయకుడి దగ్గర 1000, గోల్కొండ పాదుషా దగ్గర 1500. మొత్తం 4500. ఈ రోజు మన చేతికి అందేవి మూడు నాలుగు వందలు మాత్రమే. పదింటిలో ఒకటి కూడా దక్కలేదు.

గోల్కొండ పేరు వినగానే కొందరు ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యమెందుకు? అప్పట్లో మన డెల్టా అంతా కుతుబ్‌షాహీల సల్తనత్. బందరు వాళ్ల పెద్ద రేవు. అప్పుడు తఖ్త్ మీదున్నది అబ్దుల్లా కుతుబ్‌షా (1626-1672). మొవ్వ నుంచి బయలుదేరిన పాటగాడికి అది పరాయి దర్బార్ కాదు, తన హుకూమత్ దర్బారే. తెలుగు పదానికి ఫార్సీ, దక్కనీ దర్బార్లో ఇజ్జత్ దొరికిందని చెప్పేది ఏ తవారీఖో కాదు, పాట కట్టినవాడి నోటి మాట. మన ఉమ్మడి విరాసత్‌కి ఇంతకంటే పెద్ద గవాహీ ఏం కావాలి?

ఇక్కడే ఒక ముకాబలా చూడండి. అదే ఖాందాన్‌కి చెందిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా (1580-1612) కూడా షాయరే. పోయాక అతని కలామ్‌ని తఖ్త్ ఎక్కిన భతీజా ముహమ్మద్ కుతుబ్‌షా 1616లో కుల్లియాత్‌గా కూర్చాడు. అన్నమయ్య కీర్తనల్ని తిరుమలలో రాగిరేకుల మీద చెక్కించారు. సుల్తాన్‌కి కాతిబులున్నారు, అన్నమయ్యకి కొండ మీద అరలున్నాయి. ఊరూరా తిరిగిన క్షేత్రయ్యకి ఏముంది? గొంతులున్నాయి. ఆ గొంతులు ఆడవాళ్లవి.

ఇక్కడి కలావంతులు, తమిళనాడులో దేవదాసీలు ఈ పదాల్ని తల్లి నుంచి కూతురికి సీనా బ సీనా అందించారు. మద్రాసులో వీణ ధనమ్మాళ్ (1867-1938) ఇల్లు ఈ పదాలకి పెద్ద ఖజానా. ఆమె మనవరాళ్లు బృంద, ముక్త పాడి, మరో మనవరాలు బాలసరస్వతి పాడి, అభినయించి మన తరం దాకా తెచ్చారు. తెలుగు మాతృభాష కాని ఇంట్లో తెలుగు పదం బతికింది. ఇక్కడేమో సంస్కరణల జమానాలో ఆ వృత్తితో పాటు ఆ పాటనీ బద్నామ్ చేశారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో దేవదాసీ చట్టం వచ్చింది. ఆడపిల్లల్ని గుడికి అంకితం చేసే దురాచారం పోవాల్సిందే, అందులో షక్ లేదు. కానీ ఆ స్త్రీల ఫన్‌ని కాపాడే ఇంతిజామ్ మాత్రం ఎవరూ చెయ్యలేదు.

రికార్డింగ్ వచ్చాకా కష్టమే. పదం నిదానంగా సాగుతుంది, ఒక్కో మాట చుట్టూ తిరుగుతుంది. పాత గ్రామఫోన్ రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకి అటూ ఇటూ. తీరిగ్గా పాడాల్సిన పదం అందులో ఎలా పడుతుంది? అందుకే వినేవాళ్లు తర్వాతి రోజుల పొడుగు రికార్డింగులు వెతుక్కోవాలి.

తేదీల వరుస లేదు కాబట్టి రాగం పట్టుకుని వినండి. నా సలహా హుసేనితో మొదలుపెట్టమని. అరబ్, ఫార్సీ మూసికీలో కూడా హుసైనీ అనే మఖామ్ ఉంది. తర్వాత ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడండి. చాలా పదాల్లో మాట్లాడేది ఆడమనిషి. అలుగుతుంది, దెప్పుతుంది, లెక్క అడుగుతుంది. ఇది ఇష్కె మజాజీయా, ఇష్కె హఖీకీయా అని పండితులు ఇప్పటికీ బహస్ చేస్తారు. హాఫిజ్ గజళ్ల మీద నడిచిన బహసే ఇది.

పదం విన్నప్పుడల్లా క్షేత్రయ్య పేరుతో పాటు పాడినామె పేరు కూడా రాసుకోండి. ఎవరి దగ్గర నేర్చుకుందో తెలిస్తే అదీ రాయండి. హదీసుకి ఇస్నాద్ ఎంత ముఖ్యమో మనకి తెలుసు. గొంతు నుంచి గొంతుకి వచ్చిన అమానత్‌కి కూడా సిల్సిలా ఉంటుంది. పోయిన నాలుగు వేల పదాలు తిరిగి రావు. ఉన్నవాటిని మోసుకొచ్చిన ఆడవాళ్ల పేర్లయినా పోకూడదు.